ఆపి ఉంచిన కంప్యూటర్ రాసిన వేళలు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే అక్కణ్ణించి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. మాది లూథరన్ కుటుంబం. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రపోతున్నారని మా పెద్దవాళ్లు నమ్మేవారు. తిరిగొచ్చి తలుపు కొడతారని మాత్రం మా ఇంట్లో ఎవరూ చెప్పగా వినలేదు.

పైగా నా ఉద్యోగం కంప్యూటర్లతో. బాపట్లలో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. కాపురం తెనాలిలో, అంగలకుదురు వెళ్లే వైపు. పాతికేళ్లుగా రోజూ రైల్లో వెళ్లివస్తున్నాను. కంప్యూటర్ తప్పు చేసిందంటే దానికో కారణం ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఇంతే.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఉంది. దాన్ని తగ్గించి రాయను.

నా తమ్ముడు జయరాజుది రేపల్లె. ప్రైవేటు స్కూల్లో తెలుగు మాస్టారు. భార్య సువార్త, కూతురు బ్లెస్సీ. వాడికొక కంప్యూటర్ నేనే విడిభాగాలు తెచ్చి బిగించి ఇచ్చాను. సాయంత్రాలు స్కూళ్లకు ప్రశ్నపత్రాలు టైపు చేసేవాడు.

కిందటేడాది వేసవి నుంచి అది ఉన్నట్టుండి ఆగిపోతోందని ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. కంప్యూటర్ తనలో జరిగే ప్రతిదాన్నీ వేళతో సహా ఒక చిట్టాలో రాసుకుంటుంది. దాన్ని సిస్టమ్ లాగ్ అంటారు. అందులో చూడమన్నాను. "ఎర్రగుర్తులు బారులు తీరి ఉన్నాయి అన్నయ్యా" అన్నాడు. చదవమన్నాను. ప్రతి ఎర్రగుర్తు దగ్గరా ఒకటే వాక్యం. ఫలానా వేళ కంప్యూటర్ అనుకోకుండా ఆగిపోయింది, అంతే.

"మోటారు వేసినప్పుడల్లా ఆగిపోతోంది. ఇంకోటి, డబ్బా ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది. ఒకసారి వచ్చి చూడకూడదూ?"

"ఒరే, చెప్పులేసుకుని కూర్చో. మోటారు వేసే ముందు కంప్యూటర్ ఆపెయ్. ఆ లాగ్ మీద కుడి బటన్ నొక్కి క్లియర్ కొట్టు, ఎర్రగుర్తులన్నీ పోతాయి."

కొట్టాడు. పోయాయి. "అన్నయ్య చెయ్యి పడితే చాలు" అని సంబరపడ్డాడు. ఆ వేసవిలో నాలుగుసార్లు పిలిచాడు. నాలుగుసార్లూ ఫోన్లోనే క్లియర్ కొట్టించాను. తెనాలి నుంచి రేపల్లె ఎంత దూరం గనక. ఆదివారాలు నాకు నిద్ర కావాలి, అదీ కారణం.

ఆగస్టులో ఒక సాయంత్రం నాలుగు దాటాక వాడు మోటారు పక్కన పడిపోయి ఉన్నాడు. బ్లెస్సీ ట్యూషన్ నుంచి వచ్చి చూసింది. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ప్రాణం లేదు. గుండె ఆగిపోయిందన్నారు. వాడికి బీపీ ఉంది, అందరూ నమ్మారు.

మాలో శవానికి స్నానం చేయించి, కొత్త బట్టలు వేసి, చేతులకు తెల్ల గ్లౌజులు తొడుగుతారు. అన్నను కాబట్టి ఆ పని నేను చేశాను. కుడి అరచేతిలో, చూపుడువేలు మొదట్లో, చింతగింజంత మచ్చ ఉంది. తెల్లగా, అంచులు నల్లగా. అది ఏం మచ్చో నాకు తెలుసు. ల్యాబులో ఒకసారి షాకు కొట్టిన మా అటెండరు వేలి మీద చూశాను. గ్లౌజు తొడిగేశాను.

అక్కడితో ఆగలేదు. సమాధి తోట నుంచి తిరిగొచ్చాక బోరు దగ్గరికి వెళ్లి చూశాను. రేపల్లె నేల ఉప్పు నేల, ఇనుము నిలవదు. రెండేళ్ల కిందట బోరు ఇనప పైపు తుప్పుపట్టి రాలిపోతుంటే తీసేసి ప్లాస్టిక్ పైపు వేశాం. వేసింది వాడూ నేనూ. మా వైపు చాలా ఇళ్లలో ప్రత్యేకంగా ఎర్తు గుంట తీయరు, ఇంటి ఎర్తు తీగను బోరు పైపుకే చుట్టేస్తారు. ఎక్కడైనా కరెంటు లీకైతే ఇనప పైపులోంచి భూమిలోకి దిగిపోతుంది. ఆ రోజు పాత పైపు నుంచి ఊడదీసిన తీగను కొత్త పైపుకి చుట్టింది నేను. ప్లాస్టిక్‌లోంచి కరెంటు పోదని పదో తరగతి పిల్లవాడికి తెలుసు. తీగ వేలాడుతోంది, ఎక్కడో అక్కడ కట్టాలి కదా అని కట్టేశాను. మూడు చుట్లు చుట్టి, కొస మెలిపెట్టి మరీ.

మోటారు లీకైంది. ఆ కరెంటు ఎటూ పోలేక ఎర్తు తీగ పట్టుకుని కంప్యూటర్ డబ్బాలోకీ వచ్చింది. జివ్వుమంటోందని వాడు చెప్పింది అదే.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మోటారు పాతదైపోయిందని చెప్పి వారంలోపే కొత్తది పెట్టించాను. కొత్త మోటారు లీకు కాదు, ఇక ప్రమాదం లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎర్తు గుంట తవ్విస్తే, ఎందుకు బావగారూ అని సువార్త అడుగుతుంది. ఆ ప్రశ్నకు భయపడి ఆ ఇంటిని అలాగే వదిలేశాను, తల్లీ కూతురూ లోపల ఉండగా.

అక్టోబరులో సువార్త కంప్యూటర్ తీసుకెళ్లమంది. దాన్ని చూస్తే ఆయన కూర్చున్నట్టే ఉంటోందంది. ప్యాసింజరు రైల్లో ఒళ్లో పెట్టుకుని తెనాలి తెచ్చాను. మా ఇంట్లో వైరింగు బాగుంటుంది, యూపీఎస్ ఉంది. ముందు గదిలో పెట్టి, ఆన్ చేసి, లాగ్ తెరిచాను.

చివరి ఎర్రగుర్తు వాడు పోయిన రోజుది. సాయంత్రం నాలుగు పన్నెండుకు అనుకోకుండా ఆగిపోయింది. వాడు టైపు చేస్తూ, ఆన్‌లోనే వదిలి, మోటారు వేయడానికి లేచి ఉంటాడు. వాడి చావుకి సాక్ష్యం అంటూ ఉంటే ఆ ఒక్క వాక్యమే.

దాన్ని కూడా క్లియర్ కొట్టాను.

మర్నాడు సాయంత్రం బాపట్ల నుంచి వచ్చి కంప్యూటర్ వేసి చూస్తే లాగులో కొత్త ఎర్రగుర్తు ఉంది. పగలు పదకొండు ముప్పై నాలుగుకి అనుకోకుండా ఆగిపోయినట్టు. రాత్రే పద్ధతి ప్రకారం ఆపేసి పడుకున్నాను. పగలంతా అది ఆఫ్‌లోనే ఉంది. ఆన్‌లో లేనిది ఎలా ఆగిపోతుంది?

గడియారం తప్పు చూపిస్తోందనుకున్నాను. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది అయిపోతే వేళలు తారుమారవుతాయి. కొత్తది వేశాను. గడియారం సెకను తేడా లేకుండా నడిచింది. ఎర్రగుర్తులు ఆగలేదు. రోజుకు ఒకటో రెండో. అన్నీ పగటివేళలే, అన్నీ కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడే.

పవర్ సప్లై మార్చాను. మెమరీ మార్చాను. హార్డ్ డిస్కు తీసి దాచి, కొత్తది పెట్టి, విండోస్ మొదటినుంచీ ఎక్కించాను. ప్లగ్గు పీకి, తీగ చుట్టి డబ్బా మీదే పెట్టి ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం ప్లగ్గు పెట్టి చూస్తే మధ్యాహ్నం రెండు యాభైకి ఆగిపోయినట్టు రాసి ఉంది.

నా భార్య విమల విసుక్కుంది. "తమ్ముడు బతికుండగా ఒక్క ఆదివారం వెళ్లి చూసిరమ్మంటే మీకు తీరలేదు. ఇప్పుడు ఆ డబ్బాకి మూడు పూటలా సేవ!" అంది. తెలియక అన్నదే.

జనవరిలో దాన్ని బాపట్ల తీసుకెళ్లాను. మా ల్యాబు ఇంచార్జి సుబ్రహ్మణ్యం గారు నాకంటే తెలివైనవారు, ఏదీ తేలిగ్గా నమ్మరు. అంతా విని నవ్వారు. "మీ కంప్యూటరు పగటి కలలు కంటోందండీ. సెలవు పెట్టించండి" అన్నారు. ప్లగ్గు పీకి, తన బీరువాలో పెట్టి, తాళం తన జేబులో వేసుకున్నారు. ఐదు రోజుల తర్వాత ఇద్దరం కలిసే తీశాం. ఏడు ఎర్రగుర్తులున్నాయి. ఆయన అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు. "ఇది మీ ఇంట్లోనే ఉంచుకోండి" అన్నారు. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు.

వేళలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోసాగాను. ఏ లెక్కకీ అందలేదు. ఒక్కటే కనిపెట్టగలిగాను. స్కూళ్లకు సెలవైన రోజుల్లో గుర్తులు ఎక్కువ.

మార్చి నెలాఖరున బ్లెస్సీ ఫోన్ చేసింది. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల.

"పెదనాన్నా, మా ఫ్రిజ్‌కి ఏదో పూనిందండీ. అది స్టార్టయినప్పుడు ఒక్కోసారి లైట్లు మినుక్కుమంటున్నాయి. ఇవాళైతే ఆన్‌లైన్ టెస్టు రాస్తుంటే నెట్ కూడా పోయింది. మా ఒక్క ఇంట్లోనే. పక్కింటి ఆంటీ వాళ్లకి ఏం లేదు."

ఎన్నింటికని అడిగాను.

"పది నలభై ఒకటికి. టెస్టులో టైము పడింది. మా మేడమ్ నమ్మదు, మీరే చెప్పాలి."

ఫోన్ పట్టుకునే ప్లగ్గు పెట్టి కంప్యూటర్ వేశాను. పది నలభై ఒకటి. అనుకోకుండా ఆగిపోయింది.

తెనాలిలో ప్లగ్గు పీకి ఉన్న పెట్టె, రేపల్లెలో ఒక ఇంట్లో కరెంటు తడబడిన నిమిషాన్ని రాస్తోంది.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే చెడ్డది. ఫ్రిజ్ లీకవుతోందని నాకు ఆ క్షణమే అర్థమైంది. ఎర్తు ఎందుకు లేదో కూడా తెలుసు. ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్ని పంపాలి. పంపలేదు. "చెప్పులేసుకుని ముట్టుకో తల్లీ" అన్నాను. తమ్ముడికి చెప్పిన మాటే. తర్వాత, లైట్లు మినుక్కుమన్నప్పుడల్లా వేళ కాగితం మీద రాసి వారం తర్వాత నాకు పంపమన్నాను. ఎందుకని అడిగితే రిపేరుకి పనికొస్తుందన్నాను.

నాకు రుజువు కావాల్సి వచ్చింది. ఒక్కసారి కలిస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు. ఇన్నేళ్లు దేన్నీ నమ్మని మనిషిని, దీన్ని ఊరికే నమ్మలేకపోయాను. అది నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం, ఎలక్ట్రీషియన్ వస్తే బోరు పైపు చూస్తాడు.

శుక్రవారం దాకా పిల్ల పంపిన వేళలు తొమ్మిది. నా లాగులోవి తొమ్మిది. నిమిషం తేడా లేదు.

మర్నాడు శనివారం, ఈస్టరుకు ముందురోజు. మాకు సెలవు. మా వాళ్ల ఇళ్లలో ఆ రోజు ఇల్లంతా కడుగుతారు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని కాగితంలోని వేళలు సరిచూసుకుంటున్నాను. కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది, బాగా నడుస్తోంది. నా కళ్ల ముందే లాగులో ఇంకో ఎర్రగుర్తు చేరింది. మూడు ఇరవై రెండుకి అనుకోకుండా ఆగిపోయింది. గోడ గడియారంలో అప్పుడు మూడు ఇరవై రెండే. కంప్యూటర్ ఆగలేదు, తెర కూడా రెప్పవేయలేదు. ఆ వాక్యం మళ్లీ మొదలుపెట్టినప్పుడు మాత్రమే పడాలి. నడుస్తున్న కంప్యూటర్లో పడటం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

బ్లెస్సీకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. సువార్తకు చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. నాలుగోసారి ఎవరో ఆడమనిషి ఎత్తి, "మీరెవరండీ? పిల్లకి షాకు కొట్టిందండీ, ఆస్పత్రికి తీసుకెళ్లారు" అని పెట్టేసింది.

ఆటో మాట్లాడుకుని రేపల్లె వెళ్లాను. వేమూరు దాటేదాకా వాడు చనిపోయిన రోజు ఇదే దారిన వెళ్లానన్న స్పృహ కూడా లేదు. దేవుణ్ణి ఒకటే అడిగాను. ఏం అడిగానో రాయక్కర్లేదు.

పిల్ల బతికింది. ఇల్లు కడుగుతూ తడికాళ్లతో ఫ్రిజ్ తలుపు తీసింది. పక్కింటామె చూసి చీపురుకర్రతో చెయ్యి విడిపించింది. కుడిచేతి రెండు వేళ్లకు స్పర్శ ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఈస్టరు మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. ఇల్లంతా టెస్టర్ పెట్టి చూసి, తీగ వెంట నడుచుకుంటూ బోరు దగ్గరికి వెళ్లాడు. గట్టిగా నవ్వు వినిపించింది.

"అమ్మగారూ, ఇలా రండి, చూద్దురుగానీ. ప్లాస్టిక్ పైపుకి ఎర్తు కట్టారు! ఎవరండీ ఈ మేధావి? సన్మానం చెయ్యాలి ఆయనకి."

సువార్త గుమ్మంలో నిలబడి ఉంది. బ్లెస్సీ కట్టు కట్టిన చేతితో ఆమె పక్కన ఉంది.

"నేనే" అన్నాను.

ఎలక్ట్రీషియన్ నవ్వు ఆగిపోయింది. నేను ఆగలేదు. పైపు మార్చిన రోజు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఫోన్లో కొట్టించిన క్లియర్లు, అరచేతిలో మచ్చ, కొత్త మోటారు, తెనాలిలో కంప్యూటర్ రాస్తూ వచ్చిన వేళలు, పిల్లచేత నింపించిన కాగితం. చెబుతున్నంతసేపూ సువార్త నా మొహంలోకి చూడలేదు. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ నా ఎదుట కూర్చోని మనిషి, గొంతెత్తని మనిషి.

"ఎనిమిది నెలలండీ" అంది చివరికి. "ఎనిమిది నెలలు ఈ ఇంట్లో నా కూతురు నీళ్లు పట్టింది బావగారూ."

ఎలక్ట్రీషియన్ గుంట తవ్వాడు. ఉప్పు, బొగ్గు పొరలుగా వేసి, రాగి పలక దించి, నీళ్లు పోశాడు. తీగ బిగించడానికి మెయిన్ ఆపినప్పుడు పన్నెండు ఆరు. ఆ రాత్రి తెనాలి వచ్చి చూస్తే లాగులో అదే వేళ ఉంది. అదే ఆఖరిది. తర్వాత ఒక్క ఎర్రగుర్తు లేదు.

రెండు వారాల తర్వాత సువార్తే ఫోన్ చేసింది. ఇద్దరి మధ్యా మాటలు ఇంక ఉండవనుకున్నాను.

"ఒకటి అడుగుతాను బావగారూ. ఆ ఇంట్లో ఉన్నది మేము. చచ్చేది మేము. ఆయన మాకు చెప్పకుండా మీకెందుకు చెప్పాడండీ?"

చెప్పింది వాడో కాదో తెలియదమ్మా అన్నాను. యంత్రాల్లో మనకు తెలియనివి ఉంటాయన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

"ఆ పెట్టె మాకు తెచ్చివ్వండి" అంది.

తెచ్చిచ్చాను. పాత హార్డ్ డిస్కు, వాడు టైపు చేసిన కాగితాలతో సహా, దాచి ఉంచింది మళ్లీ బిగించాను. వాడు పెట్టుకున్న చోటే పెట్టాం. సుబ్రహ్మణ్యం గారిని, ఇంకో ఇద్దరు తెలిసినవాళ్లను అడిగాను. నోటుబుక్కు, బ్లెస్సీ కాగితం పక్కపక్కన పెట్టి చూపించాను. ఎవరూ ఏమీ తేల్చలేదు. నేనూ తేల్చలేకపోయాను. కారణం వెతికితే దొరుకుతుందని పాతికేళ్లు పిల్లలకు చెప్పిన నోటితోనే, దీనికి నాకు దొరకలేదని ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం సువార్త కంప్యూటర్ ఆన్ చేయిస్తుంది. బ్లెస్సీ ఎడమచేత్తో మౌసు కదుపుతూ లాగ్ తెరిచి చూసి, నాకు ఫోన్ చేస్తుంది.

"ఏమీ లేదు పెదనాన్నా" అంటుంది.

ఆ మాట వినేదాకా నాకు కాలూ చెయ్యీ ఆడదు. ఫోన్లో బ్లెస్సీ వెనకాల సువార్త గొంతు వినిపిస్తుంది, "సరిగ్గా చూడవే, ఇంకోసారి చూడు" అని.